197లో లేని పిచ్చయ్య

పెనుబల్లి వెంకటరామారావు ఆ రోజు పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, ఫోను ముందు కుర్చీ వేసుకుని, ఫోను నంబర్లు చెప్పే 197 తిప్పి, దుమ్ముగూడెంలో ఉన్న అక్క ఆదెమ్మ ఇంటి నంబరు కనుక్కోవడం. అరగంటలో తేలిపోయే పని. ఆ అరగంట పని మూడు నెలలు నడిచి, చివరికి పద్నాలుగు ట్రాక్టర్లను ఒకచోట చేర్చిందంటే నమ్మేవాళ్ళు నమ్మవచ్చు, లేనివాళ్ళు వేంసూరు వెళ్ళి అడగవచ్చు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఆయన ఇంటికి ఫోను కొత్తగా వచ్చింది. కొత్తగా అంటే, అప్లికేషను పెట్టిన రోజు పెరట్లో నాటిన కొబ్బరి మొక్క చెట్టయి, కాయ కాసి, ఆ కాయతోనే లైన్‌మాన్ ఫోనుకు టెంకాయ కొట్టాడు. మొదటి వారం ఊరంతా వచ్చి రిసీవరు చెవిన పెట్టుకుని ఆ గుయ్యి మనే చప్పుడు విని వెళ్ళారు. రెండో వారం నుంచి ఫోనూ ఆయనా మిగిలారు. అది మోగదు, ఈయన లేవడు.

"దాని మొహం చూస్తా కూర్చుంటే మోగుతదా? ఆ చూసే చూపేదో గేదె వంక చూస్తే అదన్నా నాలుగు చుక్కలు ఎక్కువ ఇచ్చేది" అంది భార్య సుబ్బరత్నం.

ఆమెకూ తెలుసు, ఆయన ఎవరి ఫోను కోసం చూస్తున్నాడో.

వెంకటరామారావు పుట్టినప్పుడు వెంకటరామారావు కాదు. పిచ్చయ్య. ఆయనకు ముందు ముగ్గురు మగపిల్లలు పురిటి మంచం దిగకుండానే పోయారు. నాలుగోవాణ్ణయినా దక్కించుకోవాలని, పిల్లవాణ్ణి చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎనిమిదేళ్ళ ఆదెమ్మ చేత శేరు తవుడు ఇప్పించి కొనిపించారు. పైనున్నవాడికి కూడా తీసుకుపోబుద్ధి కాకుండా ఉండాలని పిచ్చయ్య అని పేరు పెట్టారు. ఆ రోజు నుంచి వాడు ఆదెమ్మ సొత్తు. చంకనెక్కించుకుని తిప్పింది, బడికి ఈడ్చుకుపోయింది, అల్లరి చేస్తే "తవుడిచ్చి కొన్నా నిన్ను, నా మాట వినకపోతే ఎట్లరా పిచ్చిగా" అని వీపు మీద ఒకటి వేసింది. ఈ భూమ్మీద ఆయన్ను 'ఒరే పిచ్చిగా' అనగలిగినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే.

ఆ మిగిలిన ఒక్కతీ పన్నెండేళ్ళుగా మాట్లాడటం లేదు. పెద్దకూతురి పెళ్ళికి ముందు రెండేళ్ళు మిరప బాగా పండి, మేడ లేచి, వియ్యంకులు గొప్పవాళ్ళు దొరికేసరికి పిచ్చయ్యకు తన పేరు కురచగా కనిపించింది. శుభలేఖ మీద వెంకటరామారావు అని వేయించాడు. పందిట్లో ఎవరో ఆ కార్డు చదివి వినిపిస్తే ఆదెమ్మ అటూ ఇటూ చూసింది.

"ఈ వెంకటరామారావు ఎవడు?"

"నేనేనక్కా. పిచ్చయ్య అంటే వియ్యంకుల ముందు బాగుండదని..."

"బాగుండదా? అయితే నా తవుడు నాకిచ్చెయ్" అని, విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కూడా తడి కాకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది.

తరవాత ఈయన దుమ్ముగూడెం వెళితే గడపలో నిలబడి "వెంకటరామారావు గారా? ఆ పేరుగల వాళ్ళు మాకెవరూ తెలవదండీ" అని మర్యాదగా తలుపు వేసింది. అండీ అన్నందుకు ఆయన తిరుగు బస్సులో ఏడ్చాడు. ఉత్తరం రాస్తే వెనక్కి వచ్చింది. ఫోను వచ్చాక నంబరు రాసి భద్రాచలం బస్సు కండక్టరు గోప్యా చేత చీటీ పంపితే, అదే చీటీ వెనక 'ఈ పేరుగలవారు తెలియదు' అని ఎవరి చేతో రాయించి పంపింది.

ఫోనులో అయితే మొహం కనపడదు, తలుపు ఉండదు. ఆ ధైర్యంతోనే ఆయన 197 తిప్పాడు.

"నమస్కారం, ఎంక్వయిరీ" అంది అవతల ఒక ఆడపిల్ల గొంతు. పేరు హైమ అని తరవాత తెలిసింది.

"అమ్మా, దుమ్ముగూడెంలో మా అక్క ఆదెమ్మ ఇంటి నంబరు కావాలి."

"ఎవరి పేరు మీద ఉందండీ?"

"ఇంట్లో పెత్తనమంతా మా అక్కదేనమ్మా."

"పెత్తనం కాదండీ, ఫోను. పుస్తకంలో ఫోను ఎవరి పేరు మీదుంటే ఆ పేరే ఉంటుంది. ఇంటిపేరు, పేరు, ఊరు చెప్పండి."

ఆయన బావ పేరు చెప్పాడు. కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. అచ్చు పుస్తకం రెండేళ్ళ నాటిది కాబట్టి, కొత్తగా వచ్చిన కనెక్షన్లన్నీ వాళ్ళు అట్టముక్కల మీద రాసి చెక్కపెట్టెలో వరసగా పెట్టుకుంటారు. హైమ రెండూ చూసింది.

"ఆ ఊళ్ళో మొత్తం ఆరు ఫోన్లండీ. మీ బావగారిది లేదు."

వెంకటరామారావు నిట్టూర్చి రిసీవరు పెట్టబోతూ ఆగాడు. తను అక్కను వెతికినట్టే, అక్కకూ ఎప్పుడో ఒకప్పుడు మనసు మెత్తబడి తనను వెతికితే? ఏ పేరుతో వెతుకుతుంది?

"ఇంకొక్కటి చూడమ్మా. పెనుబల్లిలో పిచ్చయ్య."

మళ్ళీ కాగితాలు తిరిగాయి. "పెనుబల్లి కింద పిచ్చయ్య ఎవరూ లేరండీ."

"సరిగ్గా చూడు తల్లీ, ఉన్నడు."

"లేరండీ."

"లేకపోవడమేందమ్మా, నేను మాట్లాడుతున్న గదా!"

"మీ ఫోను ఎవరి పేరు మీద ఉందండీ?"

"వెంకటరామారావు."

"ఆయన ఉన్నారండీ. రెండు ఒకటి నాలుగు."

"ఆయన ఉండి ఏం లాభమమ్మా" అన్నాడు వెంకటరామారావు.

పేరు మార్చమని అడిగితే, అది పేరు మార్పు కాదు, ఒకరి కనెక్షను ఇంకొకరికి బదిలీ చేసినట్టు లెక్క, వెంకటరామారావు గారూ పిచ్చయ్య గారూ ఇద్దరూ కలిసి ఆఫీసుకు వచ్చి ఎదురెదురుగా సంతకాలు చేయాలి అని చెప్పింది. ఆ సంగతి ఆయన రెండు రోజులు ఆలోచించాడు. తనకు తను ఎదురుగా కూర్చోవడం ఎట్లాగో అద్దం ముందు నిలబడి చూశాడు కూడా.

ఆ తరవాత రోజూ పొద్దున 197 చేయడం అలవాటయింది. "పిచ్చయ్య వచ్చిండా అమ్మా?" అనేవాడు. "ఇంకా రాలేదండీ" అనేది హైమ, బస్సు గురించి చెప్పినట్టు. ఒక రోజు పాపం అనిపించి మాటల్లో పడి, "మేం అన్నీ పుస్తకంలో చూడమండీ. దవాఖానా, బస్ డిపో, కరెంటాఫీసు, అట్లా జనం ఎక్కువగా అడిగే నంబర్లు చీటీ రాసి బల్ల అద్దం కింద పెట్టుకుంటాం. అడగ్గానే చెప్పేస్తాం" అంది.

ఆ పిల్ల ఊరికే అన్న మాట. ఈయన మాత్రం లేచి చెప్పులు వేసుకున్నాడు.

బస్టాండులో గోప్యా టిక్కెట్ల ట్రే సర్దుకుంటున్నాడు. పక్క తండా మనిషి, చిన్నప్పటి నుంచి తెలిసినవాడు.

"గోప్యా, నీ బస్సు ఆగిన చోటల్లా ఫోనుందా?"

"అవ్ అన్నా. సత్తుపల్లిల ఉన్నది, కొత్తగూడెంల ఉన్నది, భద్రాచలం బస్టాండ్ల అయితే ఫోను బూతు తెరిచిన్రు, అద్దాలు గిట్ల పెట్టి. ఏందన్నా కత?"

"ఫోను కనపడ్డ చోటల్లా 197 కొట్టి పిచ్చయ్య నంబరు అడుగు. నీకు తెలిసినోళ్ళందరి చేత అడిగించు. అడిగేవాళ్ళు ఎక్కువైతే వాళ్ళే రాసుకుంటరు."

"ఏ ఊరి పిచ్చయ్య అనాలె?"

"ఊరు మాత్రం చెప్పొద్దు. ఊరు చెప్తే లేడంటున్నరు."

తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది.

గోప్యా మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. చిల్లర ఇవ్వాల్సిన ప్రతివాడికీ చిల్లరతో పాటు ఈ పని కూడా చేతిలో పెట్టాడు. "పిచ్చయ్య మళ్ళ పిచ్చయ్య అయిండు, 197 కొట్టి అడుగుండ్రి" అని డోర్ దగ్గర నిలబడి అరిచాడు. పిచ్చయ్య ఎవరో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లనే అందరూ అడిగారు. మిరపకాయల బస్తాల మీద కూర్చున్నవాళ్ళు అడిగారు, తునికాకు కట్టలు మోసుకుపోయేవాళ్ళు అడిగారు. పోస్టాఫీసులో మనియార్డరు కోసం వచ్చినవాళ్ళు మనియార్డరు సంగతి మరిచి పిచ్చయ్యను అడిగారు. మూడో వారానికి 197కి లైను దొరకడమే గగనమైంది. పెళ్ళికి బ్యాండు మేళం నంబరు కోసం చేసిన పెద్దమనిషి నోరు తెరవకముందే హైమ "పిచ్చయ్య గారిదేనా అండీ?" అందట.

హైమా, ఆమె పై ఆఫీసరూ కలిసి ఒక ఆదివారం కూర్చుని జిల్లా మొత్తం పుస్తకమూ, చెక్కపెట్టెలో అట్టముక్కలూ వెతికారు. తవుడుకు కొన్న పిచ్చయ్య ఇంటికొకడు ఉండే జిల్లాలో, ఫోనున్న పిచ్చయ్య ఒకే ఒక్కడు తేలాడు. వేంసూరు, ట్రాక్టర్ మెకానిక్, నంబరు నలభై ఏడు. ఎర్రసిరాతో చీటీ రాసి అద్దం కింద పెట్టేశారు. ఇక ఎవరు 'పిచ్చ' అన్నా 'య్య' అనేలోపు నలభై ఏడు చేతికొచ్చేది.

ఈ సంగతి వెంకటరామారావుకు తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఎందుకంటే ఆయన పుణ్యమా అని ఆయనకే 197 దొరకడం మానేసింది. ఎప్పుడు తిప్పినా కుయ్ కుయ్. ఒక శనివారం సాయంత్రం గోప్యా బస్సు ఆపి మరీ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, పడ్డది! ఇయ్యాల లైను దొరికింది. పిచ్చయ్య అన్ననో లేదో నంబరు చెప్పిన్రు!"

వెంకటరామారావు కళ్ళు మెరిశాయి. "రెండు ఒకటి నాలుగేనా?"

"కాదన్నా. నలభై ఏడు."

"అది నాది గాదు గదరా!"

"మరి నీది గానిదానికి మూడు నెలల్నుంచి నా గొంతు ఎందుకు అరిగించినవే?"

ఆ రాత్రి ఏడింటికి ఎట్లాగో హైమ దొరికింది.

"అమ్మా, నువ్విచ్చే పిచ్చయ్య నేను గాదు."

"అదేంటండీ, అందరూ ఆయన్నే అడుగుతున్నారు. భద్రాచలం బూతు నుంచి ఒక పెద్దావిడ కూడా అడిగారు. 'మా తమ్ముడు మళ్ళ పిచ్చయ్య అయిండంట, బస్సులో కండక్టరు చెప్పిండు, నంబరియ్యి' అన్నారు. ఏ ఊరండీ అంటే 'మా తమ్ముడి ఊరు నీకెందుకు' అని కోప్పడ్డారు. ఇచ్చేశానండీ."

"ఎప్పుడు తల్లీ?"

"చీటీ రాసిన రెండో రోజే. ఎనిమిది వారాలయింది."

వెంకటరామారావు రిసీవరు పెట్టడం కూడా మరిచి అట్లాగే నిలబడ్డాడు. అక్క మెత్తబడింది. అక్క ఫోను చేసింది. చేసింది గానీ, వేరేవాడికి. సుబ్బరత్నం వచ్చి చేతిలో రిసీవరు తీసి పెట్టింది. ఆ పూట ఏమీ ఎత్తిపొడవలేదు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు వేంసూరులో దిగాడు. మెకానిక్ షెడ్డు ఎక్కడని అడగాల్సిన పని లేకపోయింది. 197 చెప్పిన నంబరుకు ఫోను చేసి, చేశాం కదా అని తమ పాడైపోయిన బండిని కూడా తోలుకొచ్చినవాళ్ళ ట్రాక్టర్లు పద్నాలుగు, రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఒకదాని కింద నుంచి నలభై ఐదేళ్ళ మనిషి నూనె మరకలతో బయటికి వచ్చాడు.

"రా అన్నా. నీ ట్రాక్టర్ ఏది?"

"నాకు ట్రాక్టర్ లేదు. అక్క ఉంది" అన్నాడు వెంకటరామారావు గొంతు పెంచి. "ఆదెమ్మ. నువ్వు మాట్లాడుతున్నది మా అక్కతో."

మెకానిక్ పిచ్చయ్య చేతిలో స్పానర్ కింద పెట్టాడు. గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఎప్పుడో ఒకరోజు వస్తవని తెలుసన్నా. కూసో."

"కూసోవడానికి రాలే. నీది గాని ఫోను ఎత్తుకుని, నాది గాదమ్మా అని ఒక్క ముక్క చెప్పలేకపోయినవా?"

"చెప్పనిచ్చిందా? ఎత్తంగనే ఒకటే అడిగింది. 'నిన్ను దేనికి కొన్నాన్రా?' అని. తవుడుకి అన్న. అబద్ధం గాదన్నా, నన్ను గూడ తవుడుకే కొన్నరు. మా మేనత్త కొన్నది. ఇప్పుడు లేదు, ఎవరూ లేరు. తవుడుకి అనంగనే అక్క ఫోన్ల బోరున ఏడ్చింది. గంత ఏడ్చే మనిషికి నేను గాదు అని ఎట్ల చెప్పాలె? రెండో వారం చెప్తామనుకున్న. రెండో వారం వెదురు కొమ్ముల పచ్చడి పంపింది."

గోడ మీది బల్లపై జాడీ ఉంది. వెంకటరామారావు మూత తీసి వాసన చూశాడు. మళ్ళీ మూత పెట్టడానికి కొంతసేపు పట్టింది.

"ఏం మాట్లాడుతది?" అన్నాడు చివరికి, మెల్లగా.

"సోమవారం సోమవారం పదింటికి భద్రాచలం బూతు నుంచి చేస్తది. అన్నీ మాట్లాడుతది. గోదారి ఎంత పెరిగిందో చెప్తది. ఎల్లిపాయ తినకు, నీకు చిన్నప్పటి నుంచి పడదు అంటది. నేను బంద్ చేసిన."

"నాకు గదా పడనిది!"

"నాకు మస్తు ఇష్టమన్నా. ఏం చేద్దాం, అక్క చెప్పింది."

"ఇంకా?"

"ఒక దినం పెళ్ళి సంగతి తీసింది. 'ఆ రోజు నేను తినకుండ పోయినంక నువ్వు గూడ ముద్ద ముట్టలేదని ఎవరో చెప్పిన్రు, నిజమేనా?' అని అడిగింది. నేను ఊఁ అన్న." మెకానిక్ ముందుకు వంగాడు. "నిజమేనా అన్నా?"

వెంకటరామారావు ట్రాక్టర్ల వైపు తిరిగి కూర్చున్నాడు. "నిజమే."

"హమ్మయ్య. తప్పు చెప్పిన్నేమోనని నెలన్నర నుంచి నిద్ర లేదు నాకు."

ఒక్కో సోమవారం మాటలూ ఒక్కోటిగా చెప్పించుకున్నాడు ఆయన. ఏ మాట ముందు, ఏ మాట వెనక, ఎక్కడ నవ్వింది, ఎక్కడ ఆగింది అని గుచ్చి గుచ్చి అడిగాడు. మెకానిక్ కూడా ఒక్కటీ మరిచిపోలేదు. ట్రాక్టర్ల వాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి, పెద్ద పంచాయితీ ఏదో నడుస్తున్నదనుకుని వెనక్కి వెళ్ళారు.

పదింటికి ఫోను మోగింది.

ఇద్దరూ ఒకేసారి లేచారు. మెకానిక్ రిసీవరు ఎత్తి, చెవి దాకా తెచ్చి, ఆగి, ఆయన చేతికి ఇచ్చాడు. పన్నెండేళ్ళ తరవాత ఆ ఊపిరి చప్పుడు వెంకటరామారావుకు చెవిలో పడింది.

"అక్కా, నేనక్కా, పిచ్చయ్యని."

"కాదు. ఈ గొంతు నాకు తెలుసు. నువ్వు వెంకటరామారావువి. ఫోను పిచ్చయ్యకియ్యి."

"నేనేనక్కా. అసలేమైందంటే..."

"పిచ్చయ్య నేను మాట్లాడుతుంటే అడ్డం రాడు."

మెకానిక్ చెవి దగ్గరికి వంగి "ఏం జెప్పకన్నా. ఊఁ గొట్టు, ఊఁ" అన్నాడు.

"ఊఁ" అన్నాడు వెంకటరామారావు.

అంతే, ఆదెమ్మ అందుకుంది. శుభలేఖ నుంచి మొదలుపెట్టింది. వియ్యంకులను దులిపింది. మేడను కడిగింది. 'అండీ' అని తలుపు వేసిన రోజు తను లోపల తలుపుకు ఆనుకుని ఎంతసేపు కూర్చున్నదో చెప్పింది. మిరప తోటల్లో మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా లేదా అంది. ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాటకు కూడా ఎదురు మాట వేయకుండా నిలబడ్డాడు. ఊఁ అన్న ప్రతిసారీ ఒక్కో కన్నీటి చుక్క కిందికి జారింది. షెడ్డులో ఎవడో ట్రాక్టరు స్టార్టు చేయబోతే మెకానిక్ వెళ్ళి తాళం చెవి లాక్కున్నాడు.

చాలాసేపటికి అవతల ఆగింది.

"ఏందిరా, పలుకు లేదు? నిద్రపోయినవా పిచ్చిగా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "లేదక్కా, ఉన్న" అన్నాడు.

"నాకు రెండో వారమే తెలుసు, ఆ పిల్లగాడు నువ్వు గాదని. ఎంత తవుడురా అంటే కుంచెడు అన్నడు. నిన్ను కుంచెడు పెట్టి ఎవరు కొంటరు? శేరుకే ఎక్కువ."

"మరి తెలిసీ ఎందుకు మాట్లాడినవక్కా?"

"పెనుబల్లి పిచ్చయ్య అని మళ్ళ 197ని నీ కోసమే అడిగిన. నువ్వు లేవన్నరు. ఉన్నోడితో మాట్లాడిన."

అక్కాతమ్ముళ్ళు కలిశారు. అయితే ఆదెమ్మ పెనుబల్లి నంబరు మాత్రం రాసుకోలేదు. ఆ ఫోను వెంకటరామారావుది, ఆయనతో తనకు మాటలు లేవని తేల్చి చెప్పింది. పైగా వేంసూరు పిల్లవాడు కూడా అలవాటయ్యాడు, వాణ్ణి ఎట్లా వదిలేస్తానంది. అందుకని పిచ్చయ్య ప్రతి సోమవారం పొద్దున మొదటి బస్సుకు వేంసూరు వెళ్ళి, షెడ్డులో బల్ల మీద కూర్చుని, ముందు మెకానిక్ వంతు అయ్యాక తన వంతు మాట్లాడి వస్తాడు. ఇంట్లో నిక్షేపంలాంటి ఫోను పెట్టుకుని, ఫోను మాట్లాడడానికి బస్సెక్కే మనిషి ఈ జిల్లా మొత్తానికి ఆయనొక్కడే.